మిషన్‌కి సబ్సిడీ ఉంది, దిగడానికి గట్టేది?

వరికోత మిషన్ కొంటానంటే బ్యాంకు అప్పిస్తుంది. 2014-15లో కేంద్రం మొదలుపెట్టిన వ్యవసాయ యాంత్రీకరణ పథకం పుణ్యమా అని యంత్రాల మీద సబ్సిడీలూ వచ్చాయి. మెకానిక్‌కి ఫోన్ కొడితే బండేసుకుని పొలం దగ్గరికే వస్తాడు. ఇన్ని సమకూరినా, ఆ మిషన్ లారీ మీంచి నేల మీదికి దిగే కాసేపు మాత్రం ఇప్పటికీ దేవుడి మీద భారం వేసే నడుస్తోంది. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మిషన్లు తిరిగే ప్రతి ఊళ్లో, లారీని వెనక్కి పెట్టి దించుకోవడానికి ఒక పక్కా గట్టు ఉండాలి. దాన్ని పంచాయతీ కట్టాలి. ఇది ఆపరేటర్ ధైర్యానికి వదిలేసే పని కాదు.

మాది నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టు. మా బాబాయి వాళ్లకి చైన్ మిషన్ ఉంది. సీజన్‌లో వీలున్నప్పుడల్లా దాని వెంట తిరుగుతుంటాను కాబట్టి ఈ దించుడు వ్యవహారం బాగానే చూశాను. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు: టైర్ల మిషన్లు రోడ్డు మీద సొంతంగా నడిచి వస్తాయి, వాటికి లారీతో పని లేదు. చైన్ మిషన్ అలా కాదు. దాని చైన్లు రబ్బరువి. తారు రోడ్డు మీద నడిపితే అరిగిపోతాయి, కొత్తవి వేయించాలంటే పెద్ద ఖర్చు. పైగా నడక నత్తనడక. కానీ తడి ఆరని మడిలో టైర్ల మిషన్ కూరుకుపోతుంది, చైన్ మిషన్ తేలిపోతుంది. కాలువ కింద పొలాల్లో తడి ఎప్పుడూ ఉండేదే, దీనికి గిరాకీ తగ్గేదీ లేదు. అంటే ఊరు మారిన ప్రతిసారీ లారీ ఎక్కాలి, దిగాలి. పగలంతా కోత, కాబట్టి ఆ ఎక్కడం దిగడం ఎక్కువగా చీకటి పడ్డాకే.

లారీకి సొంత ర్యాంపు ఉంటే గొడవ లేదు. సీజన్‌లో దొరికిన లారీ మాట్లాడుకుంటారు కాబట్టి చాలాసార్లు ఉండదు. అప్పుడు మొదలవుతుంది వెతుకులాట. కాలువ కట్ట ఎక్కడ లారీ ఎత్తుకు సరిపోతుంది? రోడ్డు ఎత్తుగా, పక్క చేను పల్లంగా ఉండే చోటు ఎక్కడుంది? ఇల్లు కట్టుకునేవాళ్లెవరైనా మొరం కుప్ప పోయించారా? ఏదీ దొరక్కపోతే లారీ వెనక చక్రాలు రోడ్డు పక్క గుంటలోకి దించుతారు. చక్రాలు రెండడుగులు కిందికి పోతే లారీ బెడ్ (సరుకు పెట్టే చోటు) తోక కూడా ఆ మేరకు కిందికి వస్తుంది. ఈ ఉపాయం కనిపెట్టినవాడెవడో గానీ గట్టివాడు. కాకపోతే తర్వాత ఆ గుంటలోంచి లారీని పైకి లాగడానికి ఇంకో ట్రాక్టర్ కావాలి. కోస్తా జిల్లాల్లో అయితే తాటి దూలాలు, కొబ్బరి మొద్దులు వేస్తారు. తాటి మొద్దుకు పై చేవ ఇనుములా ఉంటుంది గానీ లోపలంతా మెత్తటి పీచు. చీల్చి బోర్లా వేయకుండా గుండ్రంగానే వేస్తే చైను కింద దొర్లుతుంది.

ఇవేవీ లేనప్పుడు రెండు చెక్క పలకలు. అక్కడే నాకు అసలు అభ్యంతరం, ఎందుకంటే లెక్క చాలా సులువు, అయినా ఎవరూ వేయరు.

మామూలు లారీ బెడ్ నేలకి సుమారు నాలుగడుగుల ఎత్తులో ఉంటుంది. ఎనిమిదడుగుల పలక ఆనిస్తే వాలు 30 డిగ్రీలు. ఆరడుగుల పలకయితే 40 దాటిపోతుంది. 15 డిగ్రీలకు తేవాలంటే పలక పదిహేనున్నర అడుగుల పొడవుండాలి. అంత పొడవు పలక లారీలో ఎవరూ మోసుకు తిరగరు, మోసినా మూడు టన్నుల మిషన్ కింద నడుమ విరగకుండా ఉండాలంటే దాని మందం ఏ ఇంటి దూలమంతో కావాలి. ఆ మూడు టన్నుల మిషన్ 30 డిగ్రీల వాలు మీద నిలబడితే దాన్ని కిందికి లాగే బలం టన్నున్నర. 15 డిగ్రీల మీద అయితే ముప్పావు టన్ను చిల్లర, అంటే దాదాపు సగం. జారకుండా నిలవడానికి కావాల్సిన పట్టు కూడా అంతే. 30 డిగ్రీలకు రాపిడి గుణకం, అంటే ఆ పట్టు కొలత, 0.58 ఉండాలి, 15కి 0.27 చాలు. పొలంలోంచి అప్పుడే వచ్చిన చైనుకు నల్లరేగడి బురద ముద్దలు ముద్దలుగా అంటుకుని ఉంటుంది. రాత్రి మంచుకు చెక్క తడిసి ఉంటుంది. ఆ రెండింటి మధ్య 0.58 ఎక్కణ్నుంచి వస్తుంది? గోనె సంచులు పరుస్తారు, పాత టైర్లు వేస్తారు. గోనె సంచి కొంత పట్టిస్తుంది, నిజమే. కానీ చైను లాగినప్పుడు సంచే మడతపడి పక్కకు పోవడం నేను చూశాను.

ఎక్స్‌కవేటర్లు (మనం పొక్లెయిన్లు అనేవి) తయారు చేసే కంపెనీల మాన్యువళ్లు తిరగేస్తే ర్యాంపు వాలు 15 డిగ్రీలు దాటొద్దనే మాట కనిపిస్తుంది. ర్యాంపు మీద ఉండగా దారి మళ్లించొద్దని కూడా ఉంటుంది. తేడాగా అనిపిస్తే మళ్లీ వెనక్కి బెడ్ మీదికే పోయి, సరి చేసుకుని రమ్మంటారు. ఆపరేటర్లు ఇది చదివి పాటించడం లేదని నేననను. పాటించడానికి మనం వాళ్లకి చోటిచ్చామా అన్నదే నా ప్రశ్న.

వాలు ఒక్కటే సమస్య అయితే ఎలాగోలా పొడవు పలకలు చేయించుకుంటే సరిపోయేది. బెడ్ మీద జరిగేది ఇంకోటి ఉంది. మిషన్ లారీ మధ్యలో ఉన్నంతసేపు బరువు అన్ని చక్రాల మీదా సర్దుకుని ఉంటుంది. వెనక్కి జరిగి తోక చివరికి వచ్చేసరికి బరువంతా వెనక ఇరుసు అవతల పడుతుంది. కమాన్ కట్టలు (చక్రాల పైన ఉండే స్ప్రింగు పట్టీలు) నొక్కుకుని బెడ్ తోక కిందికి వంగుతుంది, ముందు చక్రాలు తేలికపడతాయి. మిషన్ దిగిపోగానే కట్టలు విడుచుకుని బెడ్ ఒక్కసారిగా పైకి లేస్తుంది. అంటే మనం గట్టుతో సమానంగా చూసుకుని పెట్టిన ఎత్తు, మిషన్ సగం అటు సగం ఇటు ఉన్నప్పుడు సమానంగా ఉండదు. అనుభవమున్న డ్రైవర్లు ఇందుకే తోక కింద రెండు మూలలా చెక్క దిమ్మెలు ఇరికిస్తారు. బరువు కట్టల మీద కాకుండా దిమ్మెల మీదుగా నేలకి పోతుంది. చూడ్డానికి చిన్న పని. కానీ దాన్ని మరిచిపోయిన లారీ దగ్గర నేను నిలబడను.

మిషన్ వెనక్కి కదలాలంటే చైన్లు బెడ్‌ను ముందుకు తన్నాలి. అంటే వెనక్కి కదిలించినప్పుడల్లా మిషన్ లారీని ముందుకు నెడుతుంది. లారీ జానెడు కదిలితే చాలు, గట్టుకూ బెడ్‌కూ మధ్య సందు తెరుచుకుంటుంది. పలకలైతే తోక మీంచి జారి కింద పడతాయి. కాబట్టి హ్యాండ్ బ్రేక్ వేశానంటే సరిపోదు, చక్రాల ముందు రాళ్లు పెట్టాలి. ముందు వైపు అని నొక్కి చెప్పడం ఎందుకంటే, చాలామంది మిషన్ వెనక్కి వస్తోంది కదా అని రాళ్లు చక్రాల వెనక పెడతారు.

ట్రాక్టర్ ట్రాలీ అయితే పరిస్థితి ఇంకా అన్యాయం. రెండు చక్రాల ట్రాలీకి ఇరుసు మధ్యకు కాస్త వెనగ్గా ఉంటుంది. మిషన్ ఇరుసు దాటి వెనక్కి వచ్చిందంటే ట్రాలీ ముక్కు పైకి లేస్తుంది, దానితో పాటు ట్రాక్టర్ వెనక భాగాన్నీ లేపుతుంది. ట్రాక్టర్‌కి బ్రేకులుండేది ఆ వెనక చక్రాలకే. అవి నేలను సరిగా తాకనప్పుడు బ్రేకు తొక్కినా ఒకటే, తొక్కకపోయినా ఒకటే. చిన్న మిషనే కదా అని ట్రాలీ మీద వేసుకొచ్చేవాళ్లకు ఇది చెబితే “ఏం కాదు లే బిడ్డా, ఎన్ని దించలేదు?” అంటారు. దించారు, నిజమే. దించలేకపోయినవాళ్లు వచ్చి మనతో మాట్లాడరు కదా.

మరి కాలువ కట్ట ఉందిగా, గట్టు కొత్తగా ఎందుకు అంటారా? కట్ట నీళ్లను ఆపడానికి పోసిన మట్టి. దాని అంచు మీద మూడు టన్నులు ఒక్క చోట నిలబడటానికి పోసింది కాదు. లారీ బెడ్ మీంచి చైను మొదట ఆనేది సరిగ్గా ఆ అంచు మీదే. ఎండిన కట్ట అయితే గడ్డలు రాలతాయి. తడిసిన కట్ట అయితే అంచు మొత్తం ముక్కలా తెగి కిందికి జారుతుంది, దానితో పాటు మిషన్ ఒక పక్కకు ఒరుగుతుంది. ఒరుగుతున్నప్పుడు మనిషికి దూకాలనిపిస్తుంది. మిషన్ వాలే వైపే దూకాడంటే అది వచ్చి అతని మీదే పడుతుంది. ఇవతల రైతుకు మిషన్ ఎలాగో దిగితే చాలు. అవతల రైతుకు వచ్చే తడికి కట్ట గండి పడకుండా ఉండాలి. కట్టను అలా వాడుకున్నందుకు ఊళ్లో జరిగే తగువులు వేరే వ్యాసానికి సరిపోతాయి.

ఇంకోటి, అరుపులు. మిషన్ దిగుతుందంటే చుట్టూ పదిమంది చేరతారు. పదిమందీ చెప్పేవాళ్లే. “రానీ రానీ”, “ఆగు ఆగు”, “ఎడమకి కొట్టు”, “అరే కుడికి”. కోసే తల ముందుకు పొడుచుకుని ఉంటుంది కాబట్టి ముందుకు దించితే అది నేలకు గుద్దుకుంటుంది. అందుకని వెనక్కి దించుతారు, ఆపరేటర్‌కి వెనక చైన్లు కనబడవు. అతను పూర్తిగా కింద ఉన్నవాడి మాట మీదే ఆధారపడాలి. సీజన్‌లో వచ్చే ఆపరేటర్లలో తమిళనాడు కుర్రాళ్లు చాలామంది. మన “ఆగు” అతనికి అర్థమవుతుందో లేదో ఇంజన్ మోతలో వినబడుతుందో లేదో. మా బాబాయి ఒక పద్ధతి పెట్టుకున్నాడు. చెయ్యి చూపించేది ఒక్కడే, మిగతావాళ్లు నోరు మూసుకుని లారీకి దూరంగా నిలబడాలి. పిడికిలి బిగిస్తే ఆగిపోవాలి, అంతే. దీనికి పెద్దమనుషులు కొందరు నొచ్చుకుంటారు. నొచ్చుకోనివ్వండి.

ఇక ఫోన్లలో తిరిగే వీడియోల సంగతి. ఇరవై టన్నుల పొక్లెయిన్ లారీ మీంచి ర్యాంపు లేకుండా దిగుతుంది. బకెట్ నేలకు ఆనించి ముందు భాగాన్ని గాల్లోకి లేపి, చైన్లను సగం దాకా బయటికి తెచ్చి, మెల్లగా ముక్కు కిందికి దించి, పై భాగాన్ని గిర్రున తిప్పి, ఈసారి బకెట్‌ను లారీ బెడ్ మీద ఆనించి, తోకను మోసుకుంటూ నేల మీదికి వచ్చేస్తుంది. చూసినవాళ్లంతా నోరెళ్లబెడతారు. నేనూ చూస్తాను, ఆ చేతి నేర్పు నిజంగా గొప్పది, అందులో సందేహం లేదు. కానీ దాన్ని పద్ధతిగా చూపించడం నాకు నచ్చదు. అదే కంపెనీల మాన్యువళ్లు, బూమ్, బకెట్ల సాయంతో ఎక్కించొద్దు, దించొద్దు అని చెబుతాయి. కారణం ఊహించడం కష్టం కాదు. ఆ క్షణాల్లో ఇరవై టన్నుల్లో పెద్ద వాటా బకెట్ కింద ఉన్న చారెడు నేల మీద ఉంటుంది. ఆ నేల మెత్తగా ఉండి బకెట్ ఒక పక్కకు దిగబడితే మొత్తం మిషన్ ఆ పక్కకే పోతుంది. పై భాగం తిప్పుతున్నప్పుడు బరువు ఎటు పడుతుందో కంటికి కనబడదు. పైన కరెంటు తీగలుంటే చెప్పేదే లేదు, ఎందుకంటే ఈ విన్యాసంలో బూమ్ పైకి లేవక తప్పదు.

దీంట్లో డబ్బు సంగతి కూడా ఉంది. ఆపరేటర్ యజమాని కాదు. గంటల లెక్కన పని, రోజు బత్తా. “ఇక్కడ దించలేను సార్, వేరే చోటు చూడండి” అన్నాడంటే లారీ వెయిటింగ్, రైతు చిరాకు, యజమాని ఫోన్లో కేకలు. ఇంకో ఆపరేటర్ “నేను దించుతా” అని ముందుకొస్తాడు. ఆ వీడియోలు చూసి చప్పట్లు కొట్టే మనమే, దించలేనన్న కుర్రాణ్ని చేతగానివాడంటున్నాం. నా లెక్కలో వద్దన్నవాడే మంచి ఆపరేటర్.

హైడ్రా (బరువులెత్తే క్రేన్ బండి) పిలిపించొచ్చు కదా? పట్నాల దగ్గర పిలిపిస్తారు, పని శుభ్రంగా అవుతుంది. ఊళ్లల్లో రాత్రి పదింటికి హైడ్రా ఎక్కడ దొరుకుతుంది? దొరికినా పద్నాలుగు టన్నుల హైడ్రా అంటే ఎంత దూరం చాచినా పద్నాలుగు టన్నులు ఎత్తుతుందని కాదు, బూమ్ చాచేకొద్దీ ఎత్తే బరువు తగ్గిపోతుంది. బెల్టు ఎక్కడ తగిలించాలో తెలియకపోతే మిషన్ రేకులు నొక్కుకుపోతాయి. మడత ర్యాంపులున్న ట్రైలర్లే వాడాలని నియమం పెట్టొచ్చు, మంచిదే. కానీ ఆ ర్యాంపు కాళ్లు కూడా ఆనేది నేల మీదే. తడి నేలలో ఒక కాలు దిగబడితే మిగతా కథంతా మళ్లీ మామూలే.

ఎక్కడైనా ఈ సమస్యను సరిగా తీర్చారా అంటే, తీర్చారు, అదీ మన దేశంలోనే, మన కళ్ల ముందే. రైల్వేవాళ్లు. కొన్ని గూడ్స్ షెడ్లలో పట్టాలు ముగిసే చోట బండి అంతస్తుతో సమానంగా ఒక ర్యాంపు ఉంటుంది. మిలిటరీ రైళ్లలో ట్యాంకులు ఎక్కేది అలాంటి దాని మీదుగానే. ట్యాంకు బరువు ముందు మన చైన్ మిషన్ ఎంత! పాత ప్యాసింజర్ పెట్టెలను మార్చి కార్లు, ట్రాక్టర్లు మోసే రైళ్లు నడుపుతున్నారు, వాటికి చివర తలుపులుంటాయి, అక్కణ్నుంచి నేరుగా నడిపేస్తారు. కొంకణ్ రైల్వే 1999లో మహారాష్ట్రలోని కోలాడ్ నుంచి గోవాలోని వెర్ణా దాకా సరుకుతో ఉన్న లారీలను లారీలుగానే రైలు మీద ఎక్కించి తీసుకెళ్లడం మొదలుపెట్టింది. ఆ లారీలు రైలు ఎక్కడానికీ, దిగడానికీ ఏ విన్యాసమూ అక్కర్లేదు, ఎవరూ వీడియో తీయరు. ఎత్తు కలిసిన గట్టు ఉంది, నడుపుకుంటూ పోతారు.

ఊరి గట్టుకు ఇంజనీరింగ్ అద్భుతాలేమీ అక్కర్లేదు. ముందు వైపు నిటారుగా ఒక రాతి గోడ, పన్నెండడుగుల వెడల్పు. దాని వెనక మొరం పోసి, నీళ్లు చల్లి, రోలర్‌తో తొక్కించి, నాలుగడుగుల ఎత్తుకు పదహారడుగుల పొడవున వాలు చేయాలి. అప్పుడు వాలు 14 డిగ్రీలు వస్తుంది. లెక్కేస్తే 384 ఘనపుటడుగుల మట్టి. మా దగ్గర ట్రాక్టర్ ట్రాలీ ఇంచుమించు వంద అడుగులు పడుతుంది, అంటే నాలుగు ట్రాలీలు. తొక్కితే అణుగుతుంది, పక్కలకు కొంత పోతుంది, ఆరో ఏడో అనుకుందాం. గోడ ఎందుకంటే, ముందే చెప్పినట్టు బరువంతా మొదట పడేది అంచు మీద. మట్టి అంచు తెగుతుంది, రాతి అంచు తెగదు. గోడ వెనక నీళ్లు నిలవకుండా కింద రెండు పైపులు పెడితే వానలకు మట్టి ఉబ్బి గోడను తోసేయదు.

డబ్బులెక్కడివి అనే ప్రశ్నకు నాకు కొంచెం నవ్వొస్తుంది. తెలంగాణలో 2,601 రైతు వేదికలు కట్టాం. ఆంధ్రప్రదేశ్‌లో 10,778 రైతు భరోసా కేంద్రాలు పెట్టారు, తర్వాత పేరు మారింది. వాటి మీద నాకు కోపమేమీ లేదు. మా ఊరి దగ్గరి రైతు వేదికలో ఫ్యాన్ కింద కూర్చుని నేనూ మీటింగులు విన్నాను. కానీ రైతు కోసమని ఇన్ని కట్టినవాళ్లం ఆరేడు ట్రాలీల మొరం, ఒక గోడ కట్టలేమంటే ఎలా నమ్మాలి? ఉపాధి హామీ డబ్బులతో వడ్లు ఆరబోసే కల్లాలు కడితే అది కుదరదని కేంద్రం, ఎందుకు కుదరదని తెలంగాణ 2022లో గొడవపడ్డాయి. పొలం పనికి నిజంగా అక్కరకొచ్చే చిన్న కట్టడాలు కాగితాల మీద ఏ గడిలోనూ ఇమడవు, అదీ అసలు చిక్కు. గట్టు కూడా ఆ బాపతే. భవనం కాదు, రోడ్డు కాదు, చెరువు కాదు, శంకుస్థాపన రాయి వేయడానికి గోడ మీద చోటు కూడా పెద్దగా ఉండదు.

కట్టాక ఎవరూ పట్టించుకోరు, పిడకలు కొట్టుకుంటారు, పిల్లలు జారుడుబండ చేసుకుంటారు అని ఒకాయన అన్నాడు. కొట్టుకోనీ. సీజన్ రోజుల్లో ఖాళీ చేస్తే చాలు. వడ్ల బస్తాలు లారీకి ఎత్తేటప్పుడు హమాలీలకు కూడా అదే గట్టు పనికొస్తుంది. గేదెలను బండెక్కించడానికీ పనికొస్తుంది. ఒక్క కోత మిషన్ కోసమే అనుకుంటే లెక్క తప్పుతుంది.

మా ఊళ్లో ఈ సంగతి కొంత కదిలింది. మొదట చెరువు తూము దగ్గర జాగా అనుకున్నాం, పైన 11 కేవీ కరెంటు లైను పోతోందని వదిలేశాం. బడి వెనక ఖాళీ ఉంది గానీ అక్కడ వద్దే వద్దు. ఐకేపీ (మహిళా సంఘాల) వడ్ల కొనుగోలు కేంద్రం పక్కన ఉన్నదే సరైనది. లారీలు అక్కడికి ఎలాగూ వస్తాయి, తిరగడానికి వీలుంది, లారీ నిలబడటానికీ మిషన్ దిగి పక్కకు తప్పుకోవడానికీ కలిపి రెండు మూడు గుంటల జాగా చాలు. ఇప్పుడు తగువంతా ఎత్తు మీద. లారీ వాళ్లు నాలుగడుగులు అంటున్నారు, ట్రాలీల వాళ్లు మూడు చాలంటున్నారు. నేను మూడు వైపే. గట్టు బెడ్ కన్నా అడుగు తక్కువైతే నాలుగడుగుల ఇనుప పలకతో ఆ తేడా పూడుతుంది, వాలు 15 డిగ్రీల లోపే ఉంటుంది. గట్టే ఎత్తయితే ట్రాలీ మీంచి మిషన్ పైకి ఎక్కి దిగాలి, అది ఇంకో తలనొప్పి. సర్పంచ్‌కి ఇచ్చిన కాగితంలో మూడని రాశాం. లారీ వాళ్లు అస్సలు ఒప్పుకోకపోతే గోడ ఇరవై నాలుగడుగులు చేసి, ఒక సగం మూడు, ఇంకో సగం నాలుగు పెట్టమని అడుగుతాం. నాలుగడుగుల గట్టు ఒక్కదానికి పట్టే మొరానికి రెట్టింపు కంటే తక్కువే పడుతుంది.